జాబితాలో స్థానం, నోటు పుస్తకంలో మార్కు

సభకు నమస్కారం.

నా దగ్గర ఒక పాత నోటు పుస్తకం ఉంది. అందులో ప్రతి పేజీకీ నాలుగు గళ్ళు గీసుకున్నాను: చిత్రం పేరు, చూసిన తేదీ, పదికి ఎన్ని మార్కులు, ఎందుకు. అత్యుత్తమ చిత్రాల జాబితాలు ముందు పెట్టుకొని, ఒక్కొక్కటీ చూస్తూ, మార్కులు వేస్తూ కొన్నేళ్ళు గడిపాను. మొదటి పేజీల్లో మూడో గడి ఒక్కటీ ఖాళీగా లేదు, నాలుగో గడిలో మాత్రం చాలాచోట్ల ఒక్క అక్షరం కూడా లేదు. చివరి పేజీలకు వచ్చేసరికి ఈ లెక్క తారుమారైంది. అది ఎలా జరిగిందో ఈ సాయంత్రం మీతో చెప్పుకోవాలని వచ్చాను. జాబితాలో ఒక చిత్రానికి దక్కిన స్థానం ఆ చిత్రం గురించి చెప్పేదానికన్నా, ఓటు వేసినవారెవరు, వారికి ఏ ప్రింటు అందింది అన్న సంగతుల్నే ఎక్కువగా చెబుతుందనీ, మనం వేసే మార్కు కూడా ముందుగా మన గుట్టే బయటపెడుతుందనీ నాకు ఆ పుస్తకం వల్ల తెలిసింది.

జాబితాల్లో పెద్దపీట బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి ‘సైట్ అండ్ సౌండ్’ పత్రికది. 1952లో మొదలుపెట్టి, పదేళ్ళకొకసారి వివిధ దేశాల విమర్శకులను అడిగి ఆ పత్రిక ఈ జాబితా వేస్తోంది. మొదటిసారి అగ్రస్థానం వచ్చిన ‘బైసికిల్ థీవ్స్’కు అప్పటికి నాలుగేళ్ళ వయసు. 1941లో వచ్చిన ‘సిటిజన్ కేన్’ ఆ తొలి జాబితాలో మొదటి పదింట లేదు. 1962లో మొదటి స్థానానికి వచ్చి, 2002 దాకా వరుసగా ఐదుసార్లు అక్కడే కూర్చుంది. 2012లో ‘వర్టిగో’ దాన్ని దించింది. 2022లో షాంటాల్ అకెర్మాన్ 1975లో తీసిన, 201 నిమిషాల ‘జాన్ డీల్‌మన్’ మొదటికి వచ్చింది. అంతకు ముందు జాబితాలో దాని స్థానం ముప్ఫయ్యో పడిలో ఉండేది. ఒక మహిళ దర్శకత్వం వహించిన చిత్రం ఆ జాబితా తొలి పది స్థానాల్లోకి రావడమే అదే మొదటిసారి. అది ఏకంగా అగ్రస్థానమే కావడంతో పెద్ద రభస జరిగింది. ఇది ఓటింగు మహిమ తప్ప చిత్రం మహిమ కాదని కొందరు, ఇన్నాళ్ళకు న్యాయం జరిగిందని కొందరు వాదించుకున్నారు. దర్శకుడు పాల్ ష్రేడర్ బహిరంగంగానే ఆక్షేపించారు.

ఇక్కడ లెక్క ఎలా కడతారో తెలుసుకుంటే సగం కోపాలు చల్లారతాయి. ఓటరు పది చిత్రాల పేర్లు రాసి పంపాలి. ఆ పదింటిలో ఇది మొదటిది, అది పదోది అన్న తేడా లేదు; పేరు రాస్తే ఒక ఓటు, రాయకపోతే సున్న. 2012లో 846 మంది పాల్గొంటే ‘వర్టిగో’కు 191 ఓట్లు, ‘సిటిజన్ కేన్’కు 157 ఓట్లు వచ్చాయి. అంటే అత్యుత్తమ చిత్రమని లోకమంతా చాటిన చిత్రానికి 655 మంది తమ పది పేర్లలో చోటివ్వలేదు. వాళ్ళందరూ దాన్ని తక్కువ చూశారని కాదు. పదకొండో పేరు రాయడానికి కాగితంలో గడి లేదు, అంతే. ఇంకా విచిత్రం 2002 నాటిది. అప్పుడు ‘సిటిజన్ కేన్’ ‘వర్టిగో’ను దాటింది ఐదంటే ఐదు ఓట్లతో. ముగ్గురు విమర్శకులు ఆ ఉదయం ఒక పేరు కొట్టేసి మరో పేరు రాసి ఉంటే, కేన్ దొరగారి ఏలుబడి పదేళ్ళ ముందే ముగిసి ఉండేది. 2022కు వచ్చేసరికి ఓటర్ల సంఖ్య 1,639కి పెరిగింది. ఓటర్లు దాదాపు రెట్టింపైతే ఫలితం మారకపోతేనే ఆశ్చర్యపోవాలి. కొత్త జాబితా వెనుక ఎవరి అభిరుచి ఉందని అడిగినవారు, పాత జాబితాల వెనుక ఎవరి అభిరుచి ఉందని యాభై ఏళ్ళపాటు అడగలేదు. నాకు ఇందులో చిరాకు తెప్పించింది అదొక్కటే.

ఓటర్ల సంగతి అటుంచి, వారికి అందిన ప్రింట్ల దగ్గరికి వద్దాం. జాబితాలను గురించి మాట్లాడేటప్పుడు అందరూ మరచిపోయేది దీన్నే.

జాన్ రెన్వార్ తీసిన ‘ద రూల్స్ ఆఫ్ ద గేమ్’ 1939 జూలైలో పారిస్‌లో విడుదలైంది. ప్రేక్షకులు గోల చేశారు. రెన్వార్ ఇక్కడ కొంత, అక్కడ కొంత కోసి చూశారు, ఫలితం లేదు. కొద్ది నెలలకే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. యుద్ధకాలంలో జరిగిన బాంబుదాడిలో, ప్రింట్లు తీసే మూలమైన అసలు నెగటివ్ నాశనమైంది. 1950ల చివర్లో ఇద్దరు అభిమానులు, దొరికిన డబ్బాల్లోని ముక్కలన్నీ పోగుచేసి, రెన్వార్ సలహా తీసుకుంటూ సుమారు 106 నిమిషాల చిత్రంగా మళ్ళీ కూర్చారు. ఆ రూపాన్ని 1959లో వెనిస్ చిత్రోత్సవంలో చూపించారు. ఇప్పుడు మనం చూసేది దాన్నే. మరి 1952లోనే ఈ చిత్రం సైట్ అండ్ సౌండ్ తొలి పదింట ఉంది కదా? ఉంది. నాటి ఓటర్లు ఓటు వేసింది కోతపడిన చిత్రానికి. 1952 నుంచి 2012 దాకా ఏడు జాబితాల్లోనూ తొలి పదిలో నిలిచిన ఏకైక చిత్రం ఇదే. పేరు మారలేదు కాని, ఆ పేరు కింద ఓటర్లు చూసిన వస్తువు మధ్యలో మారిపోయింది.

కార్ల్ డ్రెయర్ 1928లో తీసిన ‘ద పాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ కథ ఇంకా వింతగా ఉంటుంది. చిత్రం వచ్చిన ఏడాదే నెగటివ్ కాలిపోయింది. డ్రెయర్ పక్కన పెట్టిన వేరే టేకులతో చిత్రాన్ని మళ్ళీ కూర్చారు. అదీ అగ్నికే ఆహుతి అయింది. అటు తర్వాత లోకం చూసినవన్నీ దెబ్బతిన్నవో, ఎవరో దిద్దినవో అయిన ప్రతులు. 1981లో ఓస్లోలోని ఒక మానసిక చికిత్సాలయం అల్మారాలో కొన్ని ఫిల్మ్ డబ్బాలు దొరికాయి. తీసి చూస్తే, డ్రెయర్ మొదట కూర్చిన చిత్రం దాదాపు చెక్కుచెదరకుండా అందులో ఉంది. అల్మారా సర్దుకోవాలని ఎవరికో ఇంకాస్త ముందు తోచి, డబ్బాలు చెత్తలో పడేసి ఉంటే, ఆ ముఖాలను, ఆ కన్నీటిని డ్రెయర్ ఏ వరుసలో పేర్చారో మనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

‘వర్టిగో’ది మరో దారి. దాని దర్శకుడు హిచ్‌కాక్ తన దగ్గర హక్కులున్న ఐదు చిత్రాలను ఏళ్ళ తరబడి ఎవరికీ అందకుండా ఉంచారు. వాటిలో ఇదొకటి. ఆయన 1980లో మరణించాక, 1983–84లో అవి మళ్ళీ థియేటర్లకు వచ్చాయి. 1982 జాబితాలో ఏడో స్థానం దగ్గర, మొదటి పదింట తొలిసారి కనిపించిన ‘వర్టిగో’, 1992లో నాలుగుకు, 2002లో రెండుకు, 2012లో ఒకటికి వచ్చింది. మధ్యలో, 1996లో, ప్రింటును పునరుద్ధరించి రంగులకు మళ్ళీ ప్రాణం పోశారు. దొరకని వస్తువు మీద మోజుతోనే 1982లో ఓట్లు పడ్డాయేమోనని నాకొక అనుమానం. ఆ తర్వాతి ఓట్లు మాత్రం చూసినవారివే. ఇదే విధంగా, 1953లో వచ్చిన ‘టోక్యో స్టోరీ’ సైట్ అండ్ సౌండ్ తొలి పదింట కనిపించడానికి 1992 దాకా పట్టింది. అప్పుడు ఏకంగా మూడో స్థానం. అదే ఏడాది ‘పథేర్ పాంచాలి’ ఆరో స్థానాన్ని మరి మూడు చిత్రాలతో పంచుకుంది. 2012లో దాని స్థానం 42, 2022లో 35. ఆ బెంగాలీ పల్లెలో రైలు చూడడానికి రెల్లుపొదల్లో పరుగెత్తిన ఇద్దరు పిల్లల పరుగులో ఈ ముప్ఫై ఏళ్ళలో ఏ మార్పూ లేదు.

విమర్శకులను వదిలి, ప్రేక్షకుల ఓట్లతో నడిచే వెబ్‌సైట్ల దగ్గరికి వస్తే అక్కడ మరో లెక్క ఉంది. ఐఎండీబీ తన 250 చిత్రాల జాబితాకు ప్రకటించిన సూత్రంలో ఉత్త సగటు ఉండదు. చిత్రానికి వచ్చిన ఓట్లకు మరో 25,000 ఊహాత్మక ఓట్లు కలిపి, ఆ ఊహాత్మక ఓట్లన్నీ అన్ని చిత్రాల మొత్తం సగటుకు, అంటే సుమారు 7కు, పడ్డట్టు లెక్కిస్తారు. ఒక చిత్రానికి 25,000 మంది సగటున 9 మార్కులు వేస్తే దాని అంకె 8 అవుతుంది. అదే 9 మార్కులు 2,25,000 మంది వేస్తే 8.8 అవుతుంది. నచ్చినవారి ఇష్టంలో తేడా లేదు. చూసినవారి సంఖ్యలోనే తేడా. పదిమంది బంధువులు పదేసి మార్కులు వేసి ఒక చిత్రాన్ని ఆకాశానికి ఎత్తకుండా ఉండడానికి ఈ ఏర్పాటు, తెలివైనదే. కాని కొద్దిమంది గాఢంగా ప్రేమించే చిత్రం ఆ జాబితాలో పైకి రాలేకపోవడానికి కారణం కూడా ఇదే.

సమీక్షలను పోగుచేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్ ఇచ్చే శాతం సంగతి వేరు, దాన్ని మార్కుగా చదివేవారే ఎక్కువ. అది సమీక్షకుల్లో ఎందరు బాగుందన్నారో చెప్పే లెక్క. ఎంత బాగుందన్నారో చెప్పే లెక్క కాదు. పదిమంది సమీక్షకులూ పదికి ఆరు వేసి ‘ఫరవాలేదు, చూడవచ్చు’ అంటే ఆ చిత్రానికి 100 శాతం. ఏడుగురు పదికి పది వేసి, ముగ్గురు నాలుగు వేస్తే 70 శాతం. రెండోదాని సగటు 8.2, మొదటిదాని సగటు 6. మీరు ఏ చిత్రానికి వెళతారు? నేనైతే సందేహం లేకుండా రెండోదానికే వెళతాను, ఆ ముగ్గురికీ కోపం తెప్పించింది ఏమిటో చూడడానికైనా. 2021లో ‘సిటిజన్ కేన్’ మీద 1941లో అచ్చైన ఒక ప్రతికూల సమీక్ష ఎక్కడో బయటపడి, లెక్కలోకి చేరి, 100 శాతం 99 శాతమైంది. ఎనభై ఏళ్ళ కిందట ఎవరికో నచ్చకపోవడం ఆ చిత్రంలో ఒక్క ఫ్రేమునూ మార్చలేదు, కాని అది ప్రపంచమంతటా వార్త అయింది!

నక్షత్రాలు వేసే అలవాటు వయసు కూడా తక్కువేమీ కాదు. 1928లోనే న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రిక సినిమాలకు చుక్కలు వేసింది. ఫ్రాన్సులో ‘కాయే ద్యు సినెమా’ పత్రిక 1955 నుంచి పదిమంది విమర్శకుల తీర్పులతో ఒక పట్టిక అచ్చు వేసేది. నాలుగు చుక్కలంటే కళాఖండం. ఒకే చుక్క అంటే మరీ తప్పకపోతే చూడండని. నల్ల బొట్టు పెడితే ఇంటి నుంచి కదలనక్కరలేదని. ఆ పట్టికలో నాకు నచ్చేది, ఆ పదిమంది అభిప్రాయాలను కలిపి ఒకే అంకెగా చేయకపోవడం. ఒకే చిత్రానికి ఎదురుగా ఒకరి నాలుగు చుక్కలు, పక్కనే మరొకరి నల్ల బొట్టు కనిపిస్తాయి. ఆ పట్టిక చూసినవాడికి చిత్రం గురించి కాకపోయినా, మనుషుల గురించి కాస్త తెలుస్తుంది.

ఇక నా పుస్తకం.

‘జాన్ డీల్‌మన్’ మొదటిసారి చూసినప్పుడు నేను వేసిన మార్కులు ఐదు. కారణం గడిలో ఏమీ లేదు. నిజం చెప్పాలంటే నేను దాన్ని రెండు విడతలుగా, మధ్యమధ్య ఫోను చూసుకుంటూ చూశాను. జాబితాలో టిక్కు పెట్టడానికి చూశాను. చిత్రంలో ఒక వితంతువు మూడు రోజుల జీవితం ఉంటుంది. ఆమె వంట చేస్తుంది, పక్క సర్దుతుంది, కొడుకు వచ్చేసరికి బల్ల సిద్ధం చేస్తుంది, మధ్యాహ్నాలు డబ్బు కోసం ఇంటికి పురుషులను రానిస్తుంది. కెమెరా కదలదు. బంగాళాదుంపలకు తొక్క తీస్తుంటే, తీసేంతసేపూ మనం కూర్చుని చూడాలి. నేను చూడలేదు, కన్ను తెర మీద ఉంది, అంతే.

రెండోసారి ఒకే విడతలో, ఫోను మరో గదిలో పెట్టి చూశాను. రెండో రోజు ఆమె పొయ్యి దగ్గరికి వచ్చి మూత తీస్తుంది. దుంపలు అతిగా ఉడికిపోయాయి. ఆమె ఒక్క మాట అనదు. గిన్నె పట్టుకొని, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంది. ఆ ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక చోటుందనీ, దీపం ఆర్పకుండా ఆమె గది దాటదనీ అప్పటికి మనకు బాగా అలవాటైపోయింది. అందువల్ల చేతిలో గిన్నెతో ఆమె దిక్కుతోచక నిలబడడం నాకు ఒక పెద్ద ప్రమాదాన్ని చూసినట్టు అనిపించింది. మళ్ళీ దుంపలు తీసుకొని కూర్చుని తొక్క తీస్తుంటే, ఆ చేతుల కదలికలో మునుపటి తీరు లేదు. అది పట్టుకోవాలంటే అంతకుముందు ఆ చేతులు ఎలా కదిలాయో చూసి ఉండాలి. నేను మొదటిసారి వేసిన ఐదు మార్కులు ఆ చిత్రానివి కావు, ఆ పూట నా ఓపికవి.

‘టోక్యో స్టోరీ’ది ఇంకా సూక్ష్మమైన సంగతి. దాన్ని మొదటిసారి కూడా శ్రద్ధగానే చూశాను, ఆరు మార్కులు వేశాను, ‘నెమ్మది’ అని కారణం కూడా రాశాను. చిత్రం మొదట్లో వృద్ధ దంపతులు పిల్లలను చూడడానికి టోక్యో వెళ్ళబోతూ సామాను సర్దుకుంటారు. గాలి దిండు కనబడదు. మీకే ఇచ్చానంటుంది ఆమె. నా దగ్గర లేదంటాడు ఆయన. కాసేపటికి అది ఆయన సంచిలోనే దొరుకుతుంది. ఆయన క్షమించమనడు, ఆమె దెప్పదు. కిటికీ అవతల పొరుగింటామె ఆగి పలకరించి వెళుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఇది కథ మొదలయ్యేలోపు కాలక్షేపంలా అనిపించింది. చిత్రం చివర ఆయన అదే గదిలో ఒంటరిగా కూర్చుని ఉంటాడు. అదే పొరుగింటామె అదే కిటికీ అవతల ఆగి పలకరిస్తుంది. వస్తువు పోతే ‘మీకే ఇచ్చాను’ అనే మనిషి ఎదుట లేదు. ముగింపు తెలిసినవాడికి తప్ప ఆ గాలి దిండు బరువు తెలియదు. ఇలాంటి చిత్రాన్ని ఒక్కసారి చూసి వేసిన మార్కు, పుస్తకంలో మొదటి పేజీ మాత్రమే చదివి రాసిన సమీక్ష లాంటిది. నేను నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ చూసి తొమ్మిది వేశాను. ఆ నాలుగేళ్ళలో చిత్రానికి వయసు పెరగలేదు, నాకు పెరిగింది.

అప్పటి నుంచి కొన్ని అలవాట్లు చేసుకున్నాను. నియమాలు అనను, తప్పుతూనే ఉంటాను కనుక. చూసిన రాత్రి అంకె వేయను. కారణం గడి ముందు నింపుతాను, మర్నాడో, మూడోనాడో అంకె వేస్తాను. కారణం రాయలేకపోతే అంకె కూడా వేయను. గౌరవం ఒకటి, ఇష్టం ఒకటి. రెంటినీ కలిపి ఒక అంకెలో కుక్కడం వల్లే నా పాత పేజీల్లో సగానికి పైగా ఏడులు పడ్డాయి. ఏడు అనేది తేల్చుకోలేనివాడి మార్కు: పేరున్న చిత్రం కనుక తక్కువ వేయడానికి భయం, నచ్చలేదు కనుక ఎక్కువ వేయడానికి మనసు రాదు. దీనికి ఎదురు రోగం కూడా ఉంది. అందరూ పొగిడిన చిత్రానికి మూడు మార్కులు వేసి, తన స్వతంత్రతను తానే మెచ్చుకోవడం. అదీ నా పుస్తకంలో రెండు మూడు చోట్ల ఉంది. ఏ చిత్రాలకో చెప్పను.

మరో అలవాటు, పాత మార్కు కొట్టివేయకపోవడం. కొత్త మార్కును కొత్త తేదీతో పక్కన రాస్తాను. ఆరు, పక్కన తొమ్మిది. అలా ఉంటేనే మధ్యలో నాకేం జరిగిందని అడుగుతుంది ఆ పేజీ. కిందికి దిగినవీ ఉన్నాయి. యవ్వనంలో పదికి పది వేసిన చిత్రాలు కొన్ని ఇప్పుడు ఆరు దగ్గర ఆగిపోయాయి, వాటిని మళ్ళీ చూసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. పత్రికల జాబితాలు కూడా ఈ పని చేస్తే బాగుండునని నా కోరిక: ఈ ఏటి స్థానం పక్కన, గత ఏడు జాబితాల్లో ఆ చిత్రం ఎక్కడుందో వరుసగా అచ్చు వేస్తే, ‘అత్యుత్తమం’ అన్న మాట కాస్త ఒదిగి కూర్చుంటుంది.

జాబితా వరుసలో చిత్రాలు చూడవద్దని కూడా చెప్పాలి. ఒకటి నుంచి పది దాకా వరుసగా చూస్తే, ఒక్కోదానికీ వెనకటిదానితో పోటీ పెడతాము తప్ప దాని మాట దాన్ని చెప్పనివ్వము. ఒక దర్శకుడి చిత్రం నచ్చితే జాబితా పక్కన పెట్టి, ఆ దర్శకుడి మిగతా చిత్రాలు చూడడం మేలు. ‘టోక్యో స్టోరీ’ తర్వాత నేను దాని దర్శకుడు ఓజు తీసిన మరో నాలుగు చిత్రాలు చూశాకే, కెమెరాను ఆయన నేలకు అంత దగ్గరగా ఎందుకు పెడతారో నాకు కొంత అందింది.

సమయమైంది. ఇప్పుడు మనం ‘ద రూల్స్ ఆఫ్ ద గేమ్’ చూడబోతున్నాము. 2022లో అది మొదటిసారి తొలి పది దాటి పదమూడో స్థానానికి వెళ్ళింది. 106 నిమిషాలు, మధ్యలో విరామం లేదు. మధ్యలో వేట దృశ్యం ఒకటి వస్తుంది, అక్కడ కుందేళ్ళను చూడండి, తుపాకులు పట్టుకున్నవారి ముఖాలనూ చూడండి. కిందటి ప్రదర్శనలో చివర పంచిన మార్కుల కాగితాలు ఈ రోజు పంచవద్దని నిర్వాహకులను కోరాను, వారు ఒప్పుకున్నారు. వచ్చేవారం ఇదే వేళకు కలిసినప్పుడు పంచుతారు. ఫోన్లు కట్టేయండి, దీపాలు తీసేస్తున్నారు.